కొండారెడ్డి బురుజును సినిమాకెక్కించిన గుణశేఖర్‌ను మనం ఏ లెక్కలో వేద్దాం?

బురుజు_పావురం
నిన్న సాయంత్రం కొండారెడ్డి బురుజు ముందు చెరకు రసం తాగుతుంటే ఒక కారు ఆగింది. పదేళ్ల పిల్లోడు దిగీ దిగగానే "నాన్నా, మహేష్ బాబు ప్రకాష్ రాజ్‌ను కొట్టింది ఇక్కడేనా?" అన్నాడు. ఇది విజయనగరం కాలం నాటి కోట, అచ్యుతదేవరాయలు కట్టించాడంటారు. అలంపురం కొండారెడ్డిని ఇక్కడ బంధించారు కాబట్టి ఆ పేరు. అదంతా ఎవరికి కావాలి? నలుగురూ ఫోటోలు దిగి, కారెక్కి బెంగళూరు దారి పట్టారు. ఆ పిల్లోడు పుట్టేసరికి 'ఒక్కడు' వచ్చి పదేళ్లు దాటిపోయి ఉంటుంది.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. 2003 సంక్రాంతికి 'ఒక్కడు' తీసిన మనిషే తర్వాత 'సైనికుడు', 'వరుడు', 'నిప్పు', 'శాకుంతలం' తీశాడు. గుణశేఖర్ గొప్ప దర్శకుడా, ఒక్క హిట్టు దర్శకుడా, సెట్టింగుల మేస్త్రీనా? నాకైతే లెక్క తెగట్లేదు. అన్నట్టు బురుజు దగ్గర షూటింగ్ జరిగినప్పుడు మా నాన్న ఆ జనంలో నిలబడ్డాడంట. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా చెప్తాడు.

సి_క్యాంప్_చిన్నోడు
మేస్త్రీ. ఓటు వేశా, పోతున్నా.

హంద్రీ_ఒడ్డు
చిన్నోడా, ఆగు. 'ఒక్కడు' ముందు ఆయన ఏం తీశాడో చూడకుండా మేస్త్రీ అంటే ఎట్లా?

1992లో 'లాఠీ'తో మొదలుపెట్టాడు. 1995లో 'సొగసు చూడ తరమా'. నరేష్, ఇంద్రజ. ఒక మొగుడు, ఒక పెళ్లాం, ఒక ఇల్లు. అంతే సినిమా. అందులో సెట్టింగు యాడుంది చెప్పు. 1997లో అందరూ పిల్లలతోనే 'రామాయణం' తీశాడు. జూనియర్ ఎన్టీఆర్ రాముడు. దానికి ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. పిల్లల్ని పెట్టుకుని పౌరాణికం తీయడం మాటలు కాదప్పా. ఇంట్లో ఇద్దరు పిల్లల్ని ఒక్క ఫోటోకు కుదురుగా కూర్చోబెట్టలేకపోతున్నాం మనం. ఆ మరుసటి ఏడు చిరంజీవితో 'చూడాలని వుంది'. కలకత్తా వీధుల్ని తెలుగు సినిమా అంత బాగా వాడుకోవడం నేను అంతకుముందు చూడలేదు. 2000లో 'మనోహరం', దానికి లయకు నంది వచ్చింది.

అంటే 'ఒక్కడు' గాల్లోంచి ఊడిపడలేదు. పదేళ్లు చెయ్యి తిరిగాక తీసిన సినిమా అది.

కడప_కారం
హంద్రీ అన్నా, 2000 నుంచి 2003కు ఒక్క దూకు దూకావు. మధ్యలో ఒక సింహం ఉంది, మరిచిపోయావా?

హంద్రీ_ఒడ్డు
మరిచిపోలేదు, మరిచిపోవాలని చూస్తున్నా.

కడప_కారం
నేను మాత్రం మరిచిపోను. 2001 జనవరి 11. ఒకే రోజు బాలకృష్ణ 'నరసింహనాయుడు', చిరంజీవి 'మృగరాజు'. మాది సీడెడ్, అంటే సినిమా పంపిణీ లెక్కలో రాయలసీమ. నిజాం నవాబు 1800లో ఈ జిల్లాల్ని ఇంగ్లీషు వాళ్లకు వదిలేశాడని పడ్డ పేరు. ఆంగ్లేయులు పోయినా సినిమా పంపిణీ వాళ్లు మాత్రం ఇంకా ఆ పేరును వదల్లేదు. ఆ సీడెడ్‌లో ఫ్యాక్షన్ కథతో వచ్చిన 'నరసింహనాయుడు'కు ఎదురు నిలబడటం ఎవరి వల్లా కాలేదు. మాకు దానికి టికెట్లు దొరక్క పక్క హాల్లో 'మృగరాజు'కు పోయాం. సులభంగా దొరికింది టికెట్. అప్పుడే అనుమానం రావాల్సింది.

చిరంజీవి అంతటి వాడు చేతిలో ఉంటే అడవిలో సింహం వెనక పరిగెత్తించాడు. ఆ సింహమూ నిజం సింహంలా లేదు. హాలు మొత్తానికి నచ్చింది ఆ ఛాయ్ పాట ఒక్కటే.

గుణశేఖర్ మీద నా ఫిర్యాదు అదే. మనిషి కథ చెప్పమంటే బాగా చెప్తాడు, కానీ ఆయన కన్నెప్పుడూ వెనకాల ఉన్న దాని మీదే ఉంటుంది. ఒకసారి అడవి, 'అర్జున్'లో గుడి, 'సైనికుడు'లో వరద.

ఎమ్మిగనూరు_మగ్గం
మీరంతా హిట్లు ఫ్లాపులు లెక్కేసుకుంటున్నారు. నా లెక్క వేరే.

2003 జూన్‌లో నేను హైదరాబాద్‌లో ఒక కాలేజీ హాస్టల్లో చేరాను. మొదటి రోజు రాత్రి మెస్‌లో "ఏ ఊరు?" అన్నారు. కర్నూలు జిల్లా అన్నాను. అందరూ ఒక్కసారి నవ్వారు. "ఓబుల్ రెడ్డి ఊరా? మీ ఇంట్లో సుమోలు ఎన్ని?" అని. ఓబుల్ రెడ్డి అంటే 'ఒక్కడు'లో ప్రకాష్ రాజ్ వేసిన విలన్. మా నాయనకు ఉన్నది ఒక మగ్గం, ఒక సైకిలు. మొదట్లో నేనూ నవ్వాను. నాలుగేళ్లు అదే ప్రశ్న అడిగితే ఎంతకని నవ్వుతాం? తర్వాత గద్వాల దగ్గర అని చెప్పడం మొదలుపెట్టాను. తుంగభద్ర దాటితే అదే కదా, పూర్తిగా అబద్ధం కాదులే అనుకునేదాన్ని. సొంత ఊరి పేరు చెప్పుకోవడానికి టెన్షన్ పడాల్సి వచ్చింది.

'సమరసింహారెడ్డి', 'ఇంద్ర', 'ఆది', 'చెన్నకేశవరెడ్డి' అన్నీ సీమ మీద వచ్చినవే. కానీ వాటిలో హీరో కూడా మనోడే. మంచోడూ మనోడే, చెడ్డోడూ మనోడే. 'ఒక్కడు'లో హీరో హైదరాబాద్ పిల్లోడు, కబడ్డీ ఆడుకోవడానికి కర్నూలు వస్తాడు. ఇక్కడ ఉన్నది ఒక రాక్షసుడు, భయపడే ఊరు, కాపాడాల్సిన ఆడపిల్ల. ఆ పిల్లను ఎత్తుకుపోయి హైదరాబాద్‌లో దాస్తే సినిమా మొత్తం ఊపిరి పీల్చుకుంటుంది. కర్నూలు అంటే పారిపోవాల్సిన చోటు. నాకు సినిమా నచ్చింది, అబద్ధం చెప్పను. మూడుసార్లు చూశాను. కానీ చూసిన ప్రతిసారీ బురుజు దగ్గర నేను ఎవరి పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్నానో అర్థం కాలేదు.

బురుజు_పావురం
అక్కా, ఇన్నేళ్లలో ఇది నాకు ఎప్పుడూ తట్టలేదు. నేను మగపిల్లోడిని కాబట్టేమో, ఊరి పేరు చెప్తే హాస్టల్లో నాకు ఎదురు భయపడేవాళ్లు. నేను దాన్ని వాడుకున్నా కూడా.

ఎమ్మిగనూరు_మగ్గం
చాలామంది వాడుకున్నారు తమ్ముడూ. ఆ సంగతి వేరే మాట్లాడుకుందాం.

సి_క్యాంప్_చిన్నోడు
తిరిగొచ్చా. అక్క చెప్పింది నిజమే కానీ ఓబుల్ రెడ్డి వాళ్లమ్మ, తెలంగాణ శకుంతల గారు ఉన్నారే, ఆమె మాట తీరు విని మా జేజి హాల్లోనే "నా మాదిరే ఉంది చూడు" అని మురిసిపోయింది. మా జేజి మాత్రం ఏమీ చిన్నబోలేదు.

రీలు_డబ్బా
నేను ఎక్కువగా రాయను, చదువుకుని పోతుంటాను. ఈ సినిమా కాబట్టి రాస్తున్నా. ముప్పై ఏళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశా. హాలు పేరొద్దు, ఇప్పుడు అది కల్యాణ మండపం.

వెయ్యి అడుగుల రీలు తెర మీద పదకొండు నిమిషాలు ఆడుతుంది. తెర కుడివైపు పైన మూలలో చిన్న చుక్క పడుతుంది, మీరు చూసే ఉంటారు. అది మాకు సైగ. రెండో మిషన్ ఆన్ చేయాలి. 'ఒక్కడు' ఆడినన్నాళ్లు బురుజు సీను వచ్చేటప్పుడు నేను ఆ చుక్క కోసం చూడాల్సిన పని లేకపోయింది. హాల్లో అరుపును బట్టే రీలు ఎంతవరకు వచ్చిందో తెలిసిపోయేది. ఫస్ట్ షోలో ఆ సీను మళ్లీ వేయమని గొడవ చేసేవాళ్లు. వెనక్కు తిప్పి వేయడానికి అదేమన్నా క్యాసెట్టా? చెప్పినా వినరు. రెండుసార్లు వేయక తప్పలేదు. ఆ రెండుసార్లూ ప్రింటు అక్కడే తెగింది.

గుణశేఖర్ గొప్పోడా కాదా అంటే, నాకు తెలిసింది ఒకటే. క్యాబిన్ కిటికీలోంచి నేను తెర కంటే జనాన్ని ఎక్కువ చూశా. 'ఒక్కడు'కు జనం కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నారు. 'అర్జున్'కు వెనక్కి ఆనుకుని మెడ ఎత్తి చూశారు. మీనాక్షి గుడి సెట్టును చూశారు, తిరిగి వెళ్లిపోయారు.

హంద్రీ_ఒడ్డు
పెద్దాయనా, ఇంతకంటే మంచి రివ్యూ ఏ పత్రికలోనూ రాలేదు.

అనంత_వేరుశనగ
ఇక్కడ అందరూ బురుజు బురుజు అంటున్నారు. అనంతపురం వాడిని కాబట్టి చెప్తున్నా, మీ బురుజు వల్ల సినిమా ఆడలేదు సామీ.

రుజువు చూపిస్తా. 2004లో తమిళంలో 'గిల్లి'గా తీశారు. విజయ్, త్రిష. కర్నూలు స్థానంలో మదురై, హైదరాబాద్ స్థానంలో చెన్నై. బురుజూ లేదు, చార్మినారూ లేదు. అయినా అదరగొట్టింది. ఇరవై ఏళ్ల తర్వాత 2024లో మళ్లీ వేస్తే అక్కడ జనం కొత్త సినిమాకు వచ్చినట్టు వచ్చారు. విలన్‌గా మళ్లీ ప్రకాష్ రాజే. కన్నడంలో పునీత్‌తో 'అజయ్' వచ్చింది. అంటే బలం కథలో ఉంది. విలన్ వెతుకుతున్న పిల్లను హీరో తీసుకెళ్లి దాచేది ఎక్కడ? పోలీసు ఆఫీసరైన సొంత నాన్న ఇంట్లో. ఆ ఒక్క ముడి వేశాక ప్రతి పది నిమిషాలకు టెన్షన్ దానంతటదే పుడుతుంది. ఆ ముడి వేసింది గుణశేఖరే కదా. దాని మీద మాత్రం మాట్లాడరు, సెట్టింగులంటారు.

కడప_కారం
మరి హిందీలో 'తేవర్' ఎందుకు పోయింది సామీ? అదే ముడి కదా.

అనంత_వేరుశనగ
ముడి ఒకటే అయినా లాగే చెయ్యి ఉండాలి కదా.

కడప_కారం
అదే నేనూ అనేది. 'ఒక్కడు'లో లాగే చెయ్యి ఉంది. ఆ తర్వాత ఆ చెయ్యి ఏమైంది? అదే ప్రశ్న.

హంద్రీ_ఒడ్డు
నాకు ఒకటి అనిపిస్తుంది. నిజం చోటుకు పోయి తీసినప్పుడు ఆయన సినిమా బతికింది. కలకత్తాకు పోయాడు, బతికింది. మన బురుజు దగ్గరకు వచ్చాడు, బతికింది. గుడినీ వరదనూ స్టూడియోకు తెచ్చుకున్నాడు, పోయింది. 2020లో 'సరిలేరు నీకెవ్వరు'కు ఇదే మహేష్ బాబు, ఇదే బురుజు, కానీ రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్టు. చూస్తే తేడా తెలియట్లా? మన బురుజు రాళ్ల మధ్య పావురాల రెట్ట కూడా ఉంటుంది. అక్కడ లేదు.

సి_క్యాంప్_చిన్నోడు
అన్నా, 'ఒక్కడు'లో చార్మినార్ కూడా సెట్టే.

హంద్రీ_ఒడ్డు
...

సి_క్యాంప్_చిన్నోడు
అన్నా? ఉన్నావా?

హంద్రీ_ఒడ్డు
ఉన్నా. ఛాయ్ తాగొచ్చా. నువ్వన్నది నిజమే. నా సిద్ధాంతం కూలింది. కానీ ఇరవై ఏళ్ల వరకు మా ఇంట్లో సగం మంది దాన్ని నిజం చార్మినారే అనుకున్నారు.

ఎమ్మిగనూరు_మగ్గం
కూలలేదన్నా, కొంచెం పక్కకు జరపాలి. ఆ చార్మినార్ సెట్టును ఆయన చూపించలేదు, అందులో కాపురం పెట్టాడు. నిజం చార్మినార్ చుట్టూ ఎప్పుడూ జనం, బండ్లు, బజారు. అక్కడ అన్ని రోజులు షూటింగ్ కుదరదు. అందుకే కట్టుకున్నారు. కానీ సినిమాలో అది హీరో ఇంటి డాబా మీదికి కనపడే రోజూవారీ వస్తువు. కుర్రాళ్లు దాని కింద తిరుగుతారు, దాక్కుంటారు, కొట్టుకుంటారు. కెమెరా ఆగి "చూడండి ఎంత బాగా కట్టామో" అనదు. 'అర్జున్'లో తోట తరణి గారు మీనాక్షి గుడిని అద్భుతంగా వేశారు, దానికి నంది కూడా వచ్చింది. కానీ అక్క కోసం తమ్ముడు పడే బాధ ఆ గోపురాల నీడలో చిన్నదైపోయింది. మేం చీర నేసేటప్పుడు అంచు బాగుండాలనే చూస్తాం. కానీ అంచు కోసం చీర కొనరు కదా.

కడప_కారం
అక్కా, గద్వాల దగ్గర అని చెప్పుకున్నందుకు చీరల మాట బాగానే వచ్చింది!

ఎమ్మిగనూరు_మగ్గం
ఎమ్మిగనూరు నేత గురించి కడప వాళ్లకు తెలియకపోతే మాదా తప్పు?

వేదిక_నిర్వాహకుడు
మహేష్, చిరంజీవి, బాలకృష్ణ అభిమానులు ఒకరి నాన్నల్ని ఒకరు తలచుకుంటూ రాసిన పదకొండు పోస్టులు తీసేశాను. డైరెక్టర్ గురించి మాట్లాడండి. ఉగ్గాని బజ్జి ఏ ఊళ్లో బాగుంటుందనే చర్చకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడికి పోండి.

బురుజు_పావురం
'వరుడు' గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. అల్లు అర్జున్ సినిమా, 2010. హీరోయిన్ ముఖం విడుదల వరకు దాచిపెట్టారు. ఎక్కడ చూసినా అదే మాట. ఐదు రోజుల పెళ్లి, ఆ పందిరి, ఆ తంతు. మా పెద్దమ్మ వాళ్లు పెళ్లి చూడటానికి పోయినట్టు పట్టుచీరలు కట్టుకుని పోయారు. పెళ్లి అయిపోయాక ఇంటికి వచ్చేసి ఉంటే బాగుండేది.

సి_క్యాంప్_చిన్నోడు
'నిప్పు' చూసినోళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి.

కడప_కారం
ఎత్తా. దించేశా.

అనంత_వేరుశనగ
సరే, 'రుద్రమదేవి' సంగతి ఏంది? అదొక్కటీ న్యాయంగా చూడాలి. అప్పటికి వరసగా దెబ్బలు తిన్న మనిషి. అనుష్కను పెట్టి, సొంత డబ్బుతో, చారిత్రక కథ, అదీ త్రీడీలో. తెలుగులో ఆడమనిషి పేరు మీద అంత ఖర్చు ఎవరు పెట్టారు అంతకుముందు? 2015 అక్టోబర్‌లో వచ్చింది. గోన గన్నారెడ్డిగా అల్లు అర్జున్ తెలంగాణ యాసలో మాట్లాడితే జనం ఊగిపోయారు, నంది కూడా వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం వినోదపు పన్ను మినహాయించింది. మన వైపు రాలేదు. తర్వాత 'గౌతమీపుత్ర శాతకర్ణి'కి మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ వచ్చింది. 2017లో నందులు ప్రకటించినప్పుడు గుణశేఖర్ దీని మీద గట్టిగానే అడిగాడు. కొందరు ఆయన్ను ఓర్వలేనివాడన్నారు. నాకైతే అడగడంలో తప్పు కనపడలేదు. డబ్బు ఆయనది, అప్పు ఆయనది.

కడప_కారం
ఆ ధైర్యానికి నేనూ దండం పెడతా. కానీ మా కడప వాడిగా ఒక బాధ. రుద్రమ మీద చివరికి తిరగబడింది మా వైపు ఏలిన కాయస్థ అంబదేవుడు. వల్లూరు రాజధాని, కడపకు ఎంతో దూరం కాదు. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని చెప్తుంది. ముసలితనంలో కత్తి పట్టి యుద్ధానికి పోయిన రాణి. చరిత్రకారులు చాలామంది ఆమె ఆ పోరులోనే పోయిందంటారు. దానికంటే పెద్ద సినిమా కథ ఉందా? ఈయన సినిమాలో పెద్ద యుద్ధమంతా దేవగిరి మహాదేవుడితోనే. పాము వ్యూహం, గరుడ వ్యూహం అని కంప్యూటర్ సైన్యాలు. ఆమె ముఖం కంటే ఆ సైన్యాలే గుర్తున్నాయి నాకు.

రీలు_డబ్బా
త్రీడీ మాట వచ్చింది కాబట్టి చెప్తా. ఆ కళ్లద్దాలు పెట్టుకుంటే తెర మీద వెలుతురు సగానికి పైగా పోతుంది. పెద్ద ఊళ్లలో కొత్త హాళ్లకు మంచి దీపం ఉంటుంది, వెండి తెర ఉంటుంది. మా మాదిరి పాత హాళ్లలో దీపం ఆయుష్షు గంటలు అయిపోయినా యజమాని మార్చడు, కరెంటు ఖర్చని ఇంకొంచెం తగ్గించమంటాడు. ఇక రాత్రి యుద్ధం వచ్చిందంటే తెర మీద బొగ్గు పోసినట్టే. 'రుద్రమదేవి'కి జనం కళ్లద్దాలు తీసేసి చూశారు. అప్పుడు బొమ్మ రెండుగా కనపడుతుంది. బయటికి వచ్చి గ్రాఫిక్స్ బాగలేవని తిట్టారు. అందులో కొంత తప్పు ఆయనది, కొంత మాది. ఆ మా వాటా మాత్రం ఎవరూ రాయలేదు.

హంద్రీ_ఒడ్డు
మరి 'శాకుంతలం'కు ఏ దీపాన్ని తిడదాం పెద్దాయనా?

రీలు_డబ్బా
2023 నాటికి నేను దిగిపోయా. ఆ పాపం నాది కాదు.

ఎమ్మిగనూరు_మగ్గం
'శాకుంతలం'కు సమంత కోసం మా పాపను తీసుకుని పోయాను. అందులో నెమలి నిజం కాదు, జింక నిజం కాదు, కొండ నిజం కాదు, ఆఖరికి సీతాకోకచిలుకలు కూడా. కణ్వాశ్రమంలో ఒక్క ఆకైనా చేతికి తగిలేలా లేదు. శకుంతలను రాజు గుర్తుపట్టని సభ, ఆడది అందరి ముందు నిలబడి నేను నీ భార్యనని చెప్పుకునే చోటు. దానికి ఏ సెట్టూ అక్కర్లేదు. ఒక ముఖం చాలు. 'సొగసు చూడ తరమా' తీసిన మనిషికి ఆ సంగతి నేను చెప్పాలా? చివర్లో చిన్నపిల్ల అర్హ భరతుడిగా వస్తే హాలంతా కదిలింది. పిల్లల్తో పని చేయించడం మాత్రం ఆయన ఇంకా మరిచిపోలేదు.

హంద్రీ_ఒడ్డు
అది నిజం. బాలల 'రామాయణం' చెయ్యి అది.

బురుజు_పావురం
అయితే నా ప్రశ్నకు ఏం రాసుకోమంటారు? మేస్త్రీనా కాదా?

సి_క్యాంప్_చిన్నోడు
నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా. సగం.

అనంత_వేరుశనగ
కథ చెప్పడం తెలిసి, దాన్ని తానే నమ్మని మనిషి. నా మాట అంతే. పది కోట్లు ఇచ్చి "ఒక ఇంట్లో తియ్యి" అని ఎవరైనా గదిలో పెట్టి తాళం వేయాలి.

కడప_కారం
ఆ గదికి కూడా గోపురం కట్టిస్తాడు.

రీలు_డబ్బా
పావురం బాబూ, మొదట్లో మీ నాన్న జనంలో నిలబడ్డాడని రాశావు. ప్రింటు తెగితే అతికించేటప్పుడు రెండు పక్కలా కొన్ని ఫ్రేములు కోసేయాలి. బురుజు సీను తెగినప్పుడు కోసిన ముక్కలు పారేయలేదు, నశ్యం డబ్బాలో ఉన్నాయి. ఈ చర్చ చదివాక తీసి ట్యూబులైటుకు పెట్టి చూశా. ఒక ముక్కలో హీరోనూ లేడు, విలనూ లేడు. వెనకాల జనం మాత్రం ఉన్నారు. రంగు ఎర్రబడిపోయింది. చొక్కా గళ్లదో, చారలదో కూడా తెలియట్లేదు.

బురుజు_పావురం
పెద్దాయనా! నాన్నకు చదివి వినిపించా. గళ్ల చొక్కానే, తలకు తువ్వాలు చుట్టుకున్నాడంట. మెట్ల వైపు కాదంట, ఎడమ చేతి వైపు.

రీలు_డబ్బా
తువ్వాళ్లు చుట్టుకున్నోళ్లు ముగ్గురున్నారు. ఎడమ ఏదో కుడి ఏదో, నేను ముక్కను తిరగేసి చూశానేమో కూడా తెలియదు. భూతద్దం కావాలి.

బురుజు_పావురం
ఆదివారం సాయంత్రం ఐదింటికి చెరకు రసం బండి దగ్గర. నాన్నను తీసుకొస్తా. భూతద్దం నేను తెస్తా, డబ్బా మీరు తెండి.

సి_క్యాంప్_చిన్నోడు
నేనూ వస్తా. రసం డబ్బులు ఎవరివి?